అడగనిదే లేవని అత్త

ఇటు జరగండి, ఇంకొంచెం ఇటు. పక్కింట్లో సాంచాలు, అదే మరమగ్గాలు, ఖటఖటా కొట్టుకుంటుంటే నా మాట అంత దూరం రాదు. కాళ్ళు చాపుకుంటే చాపుకోండి, సిగ్గుపడకండి. నేను చెప్పబోయే మనిషి పండరిపురంలో విఠలుడి ముందు కూడా కాళ్ళు బార్లా చాపుకునే కూర్చుంది. ఎవరో కసురుకుంటే, "ఆయనకు నిలబడే షోకు ఉన్నది, నిలబడ్డడు. నాకు మోకాళ్ల నొప్పి ఉన్నది, కూసున్న. మా ఇద్దరికి లేని తక్లీఫ్ నీకెందుకే?" అంది.

పోయిన ఆషాఢంలో ఆమె పోయింది. అందరూ పోయినట్టే పోయింది, ముసలితనం వచ్చి, దగ్గు వచ్చి. పాడె మీద పడుకోబెట్టి గడ్డానికి గుడ్డ కట్టబోతే ఆ నోరు మూతపడలేదు. రెండుసార్లు కట్టారు, రెండుసార్లూ ముడి జారింది. ఏడుస్తున్న ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో ఎందుకు, నేనే. అప్పుడు మా ఇంటాయన ఆ ముడి సరిచేస్తూ, "ఇంక ఏమో అడిగేది ఉన్నట్టుంది అత్తకు" అన్నాడు. ఆయన ఆ రోజు అక్కడ నిలబడి ఆ మాట అనగలిగాడంటే అది ఆ నోటి పుణ్యమే. అది చెప్పాలనే మిమ్మల్ని కూర్చోబెట్టాను.

ఆమె పేరు చెప్పను. చెప్పినా మా గల్లీలో సగం మందికి తెలియదు. ఈ మరాఠీ ఊళ్ళో, కుంఠా నాకా దగ్గర, మా తెలుగు నేతగాళ్ళ గల్లీలో పుట్టినవాళ్ళకీ ఆమె అత్తే, కోడళ్ళుగా వచ్చినవాళ్ళకీ అత్తే. మగవాళ్ళందరూ అల్లుళ్ళు, ఆడవాళ్ళందరూ కోడళ్ళు. కాబట్టి ఎవరినైనా తిట్టే హక్కు తనకు పుట్టుకతోనే వచ్చిందని ఆమె నమ్మకం. పొట్టి మనిషి. తంబాకు రంగు పట్టిన వేళ్ళు. ఒళ్ళో ఎప్పుడూ చాట, చాటలో తునికాకు, తంబాకు, దారపు ఉండ. బీడీలు చుట్టని ఆడది మా గల్లీలో లేదు కానీ, తన ఇంట్లో కూర్చుని చుట్టనిది మాత్రం ఈమె ఒక్కతే. పొద్దున్నే చాట చంకన పెట్టుకుని బయలుదేరేది. ఒక్కోరోజు ఒక్కో గడప. పిలుపు లేదు, పేరంటం లేదు. వచ్చి కూర్చుని, "చాయ్ పెట్టు" అనేది. పెట్టాక ఒక గుక్క తాగి, "ఇది చాయ్‌నా, నీ మొగుడు కాళ్లు కడిగిన నీళ్లా?" అనేది. అని, గ్లాసు ఖాళీ చేసి ఇంకో సగం అడిగేది.

బీడీ కార్ఖానాలో చుట్టినవి అప్పజెప్పేటప్పుడు, వంకర బీడీలను ఏరి పక్కన పారేసే ఒక చెకర్ ఉండేవాడు. ఆడవాళ్ళందరూ అతని ముందు చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. అత్త మాత్రం, "ఇన్ని ఏరుతవ్, నీ పెండ్లాం నిన్ను ఏరుకునేటప్పుడు గింత సోయి ఉంటే బాగుండు" అనేది. అతను తల ఎత్తకుండా ఆమె కట్టలు తీసుకునేవాడు. నవ్వు కనపడకూడదని తల ఎత్తేవాడు కాదని నా అనుమానం.

ఇక ఆమె అడిగే తీరు. మనం ఎవరైనా కనపడితే బాగున్నావా అంటాం. అత్తకు ఆ మాటంటే ఒళ్ళుమంట. "బాగున్నవా అంటే బాగున్న అంటరు. గది అడుగుడా, పాఠం ఒప్పజెప్పుడా?" అనేది. ఆమె మూడు అడిగేది. తిన్నవా? నిద్ర పడుతుందా? చావాల్నని అనిపిస్తుందా? మూడూ ఒకే గొంతుతో, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నట్టు. అందరినీ అడిగేది కాదు. ఎవరి ముఖం చూస్తే ఆమె చెయ్యి బీడీ మీద ఆగిందో వాళ్ళని అడిగేది. ఒకసారి నల్లా దగ్గర కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లను అలాగే అడిగింది. ఆ పిల్ల చేతిలో బిందె జారిపోయింది. దాని అత్తగారు వచ్చి, "శుభమా అని వచ్చిన పిల్లను ఏం మాటలంటివే ముండా" అని మీదికొచ్చింది. జుట్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆ సాయంత్రం ఆ పిల్ల తానంతట తనే అత్త ఇంటికి వచ్చి, రెండు గంటలసేపు ఏడ్చి, మాట్లాడి, ముఖం కడుక్కుని వెళ్ళింది. ఏం మాట్లాడిందో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. ఊరందరి సంగతులూ ఊరందరికీ చెప్పే మనిషి, అవి మాత్రం ఎవరికీ చెప్పేది కాదు.

ఇప్పుడు నా ఇంటి సంగతికి వస్తాను.

మా ఇంటాయన చేమగ్గం మీద నూలు చీరలు నేసేవాడు. మంచి పనివాడు, మహా కోపిష్టి. ఎనభైలు ముగిసిపోతున్న రోజులవి. మనిషి ఒక్కసారిగా కాదు, మెల్లమెల్లగా మారిపోయాడు. ఎందుకంటే నాకు ఇప్పటికీ తెలియదు. చేమగ్గాలు మూతపడుతున్నాయి, ఆ దిగులు అన్నారు కొందరు. తండ్రి పోయిన ఏడాది కదా అన్నారు. గాలి సోకిందన్నారు. ఏదో ఒకటి పట్టుకుని అదే కారణమని చెబితే నాకు తేలికగా ఉండేది కానీ, ఏదీ పూర్తిగా అతకలేదు. ముందు నిద్ర పోయింది. తర్వాత ఆకలి పోయింది. ఆ తర్వాత నాతో పోట్లాడటం మానేశాడు. పన్నెండేళ్ళ కాపురంలో పప్పులో ఉప్పు గురించి పోట్లాడని రోజు లేదు మాకు. ఒకరోజు నేను ఉప్పు వేయడమే మరిచిపోయాను. నోరెత్తకుండా తిని చెయ్యి కడుక్కున్నాడు. బుద్ధిలేనిదాన్ని, నాకు సంతోషమేసింది. మొగుడు మంచివాడయ్యాడనుకున్నాను.

నెల రోజులు మగ్గం మీద పడుగు అలాగే ఉండిపోయింది. దుమ్ము పట్టింది. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. నేను బతిమాలాను, తిట్టాను, మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టాను. ఎవరికీ చెప్పలేదు. అత్త రెండుసార్లు మా గడప మీదికి వచ్చింది. "అల్లుడేడి?" అంటే ఒకసారి సినిమాకు పోయాడన్నాను, ఒకసారి అశోక్ చౌక్ పోయాడన్నాను. ఆయన లోపలే ఉన్నాడు.

అలాంటిది ఒక సోమవారం పొద్దున్నే లేచి, స్నానం చేసి, గడ్డం గీసుకుని మగ్గం ఎక్కాడు. నాలుగు రోజులు వంచిన తల ఎత్తకుండా నేశాడు. ముఖం తేటగా ఉంది. మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద లెక్కలు చేయించాడు. శుక్రవారం ఆఖరి చీర దిగింది. నాకు పట్టపగ్గాలు లేవు. రవ్వ వేయించి, నెయ్యి దండిగా వేసి శీరా చేసి, గిన్నె నిండా పట్టుకుని అత్త ఇంటికి పరుగెత్తాను. మోకాళ్ళ నొప్పితో ఆ రోజు ఆమె ఇంటి దగ్గరే ఉంది.

"ఏందే, ఎవరి లగ్గం?" అంది, చెయ్యి అప్పటికే గిన్నెలో ఉంది.

"లగ్గం కాదత్తా. మా ఆయన నెల దినాలు మంచిగ లేకుండె. నీకు అబద్ధం చెప్పిన. ఇప్పుడు బాగయిండు."

"అబద్ధమని నాకెరుకనే. సినిమాకు పోయిన మొగోని చెప్పులు గడప కాడ ఎందుకుంటయ్? ఇంతకు ఎట్ల బాగయిండు?"

"మగ్గం మీదున్నదంత నేసిండు. మగ్గం తుడిసి నూనె పెట్టిండు. నాడె బావకు ఇచ్చేసిండు." బావ అంటే మా ఆయన అన్న. నాడె అంటే మగ్గంలో పేక పోగును అటూ ఇటూ మోసుకుపోయేది; అది మా మామగారిది. బావ ఎన్నేళ్ళుగానో అడుగుతుంటే ఇవ్వనివాడు పిలిచి మరీ ఇచ్చాడు. "పెట్టె తాళంచెయ్యి నాకిచ్చి ఏది ఏడ ఉన్నదో చూపెట్టిండు. ఇల్లంత సాఫ్ అత్తా! అచ్చుల ఒక్క పోగు సుత లేదు, అద్దం లెక్కున్నది."

అత్త నమలడం ఆపింది. "పోగు సుత లేదా?"

"లేదు, కోసి తీసేసిండు."

మగ్గం తెలియనివాళ్ళ కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. పడుగు అయిపోయినప్పుడు నేతగాడు పోగులన్నీ కోసి పారేయడు. అచ్చులో నుంచి, అంటే పోగులు దూరే దువ్వెనలాంటి చట్రంలో నుంచి, జానెడు కొసలు అలాగే వదిలేస్తాడు. కొత్త పడుగు వచ్చాక వేళ్ళకు బూడిద అద్దుకుని, ఒక్కొక్క కొత్త పోగునూ ఒక్కొక్క పాత కొసకు మెలేసి అతుకుతాడు. ఆ కొసలు లేకపోతే వేల పోగులనూ మళ్ళీ మొదటి నుంచి ఒక్కొక్క కన్నులో దూర్చుకోవాలి. రోజుల పని, ఇద్దరి పని. అందుకని ఎంత సోమరి నేతగాడైనా, ఎంత తాగుబోతైనా కొసలు కోయడు. కోశాడంటే ఈ మగ్గం మీదికి తాను ఇంకో పడుగు ఎక్కించడన్నమాట. నేను నేతగాడి కూతుర్ని, నేతగాడి పెళ్ళాన్ని. ఆ ఖాళీ అచ్చును నా కళ్ళతో చూసి ఎంత శుభ్రంగా ఉందో అనుకున్నాను.

అత్త గిన్నె కింద పెట్టి లేచింది. చెప్పులు లేవు, కొంగు సరిగా లేదు, మూతికి శీరా అంటుకుని ఉంది. ఆమె పరుగెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే. చాట మాత్రం చంకలో ఉంది, అది ఎప్పుడు తీసుకుందో.

మా ఇంటాయన ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని ముందు గదిలో కూర్చుని ఉన్నాడు. అత్త ఎదురుగా చతికిలబడి, రొప్పుతూ, చాట ఒళ్ళో పెట్టుకుంది.

"అల్లుడా, తిన్నవా?"

"తిన్న."

"నిద్ర పడుతుందా?"

"పడుతుంది."

"చావాల్నని ఉందా?"

"అత్తా! గవేం మాటలు? లేనిది గుర్తుజేస్తవా?" అని అరిచాను.

"నువ్వు సప్పుడు జెయ్యకు. నేను గుర్తుజేసేదాక ఆగుతదా అది? నేను నిన్ను అడుగుత లేను. అల్లుణ్ని అడుగుతున్న. కొసలు కోసినవ్. ఎందుకు కోసినవ్?"

గల్లీలో అన్ని సాంచాలూ ఆడుతున్నాయి. నాకు మాత్రం ఆయన ఊపిరి ఒక్కటే వినపడింది. తర్వాత నేల చూస్తూ, "ఉన్నది అత్తా," అన్నాడు. "శానా దినాల సంది ఉన్నది."

"ఎప్పుడనుకున్నవ్?"

"రేపు."

"రేపు నాకు కుదరదు," అంది అత్త. "రేపు కార్ఖానాల బీడీలు ఇయ్యాలె. నీకు ఏడ్వనీకి నాకు టైం లేదు."

మీరు నమ్మరు. ఆయన నవ్వాడు. ముక్కులోంచి ఒక్క చిన్న నవ్వు, తుమ్ములాగా వచ్చింది. దాని వెనకే ఏడుపు వచ్చింది. పెళ్ళైనప్పటి నుంచి ఆయన ఏడవడం నేను చూడలేదు, తండ్రి పోయినప్పుడు కూడా. మనిషంతా ఊగిపోతూ ఏడ్చాడు. అత్త ఊరుకోమనలేదు. కళ్ళు తుడవలేదు. బీడీ ఒకటి చుట్టి, దారం కట్టి, పక్కన పెట్టి, ఇంకో ఆకు తీసుకుంది.

ఏడుపు తగ్గాక ఆయన అన్నాడు: "నా సోంటోడు ఉండి ఏం లాభం అత్తా? మీకందరికి బరువే గద."

"బరువే. ఎవడు కాదన్నడు? నేను తేలికనా? మోకాళ్లు నన్ను మోయలేక మొత్తుకుంటున్నయ్. బరువుండేది ఇంట్ల మనిషున్నడని తెల్వనీకి. సర్లే, బేరం మాట్లాడుకుందాం. నువ్వు ఇయ్యాల ఏం జెయ్యకు. రేపు సుత. సోమారం నాతోని దవాఖానకు రా. మనసుకు మందు ఇచ్చే డాక్టర్ ఉన్నదంట. అందాక నేను ఈడనే ఉంట. మళ్ల ఎప్పుడన్న బుద్ధి గటు పోతే, నాకు చెప్పకుంట లేవొద్దు. కబూలా?"

"నీకు చెప్తె నువ్వు పోనిస్తవా?"

"పోనియ్య. గందుకే చెప్పుమంటున్న."

"కబూల్," అన్నాడాయన.

అప్పుడు అత్త నా వైపు తిరిగి, అదే గొంతుతో, పని పురమాయించింది. ఇంట్లో ఏమేం ఉండకూడదో తనే చూసి, వాటన్నిటినీ మూటగట్టి ఇంట్లో నుంచి పంపేసింది. బావను పిలిపించింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "అత్తా, గల్లీల తెలుస్తే మా ఇజ్జత్ పోతది. నీ కాళ్లు మొక్కుత" అన్నాను.

"నా నోరు సంగతి నాకెరుక లేదా? ముగ్గురికి తెల్వాలె. నీకు, నాకు, మీ బావకు. ఒక్కరు కాపలుంటే ఒక్కరన్న పండుకోవాలె గద. నాలుగోది డాక్టర్. ఐదోడికి ఎందుకు?"

బావ వచ్చి విషయం విని తల పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, "మంత్రమేసే భగత్ దగ్గరికి పోయి నిమ్మకాయ తిప్పిద్దాం" అన్నాడు.

"తిప్పిద్దాం," అంది అత్త. "పొద్దుగాల దవాఖాన, మాపటికి నిమ్మకాయ. నిమ్మకాయ ఒక్కపూటకు ఖరాబ్ కాదు." తర్వాత గొంతు తగ్గించింది. "నేను సుత కూసుంటె సాలనుకునేదాన్ని నాయనా. ఎనక గల్లీ పిల్ల కాడ రెండు దినాలు కూసున్న. నవ్వింది, తిన్నది. నేను గెలిచిన అనుకోని మూడో దినం లగ్గానికి పోయిన." ఆ పిల్ల ఏమైందో మాకందరికీ తెలుసు. "గప్పుడు బీడీ పనోళ్ల దవాఖాన నర్సమ్మను పట్టుకోని అడిగిన, గిసోంటోల్లను యాడికి తోలుకపోవాల్నని. ఆమె చెప్పింది. కూసునుడు నా పని. మందు ఇచ్చుడు డాక్టర్ పని. నా పని నేను మంచిగ చేస్త గని, ఆమె పని నాకు రాదు."

ఇక ఆమె మా ఇంట్లో మకాం వేయడానికి గల్లీకి ఒక కారణం కావాలి కదా. అత్త ఏం చేసిందో తెలుసా? నేరుగా తన ఇంటికి వెళ్ళి సొంత కోడలితో జగడం పెట్టుకుంది. కూరలో కారం ఎక్కువైందన్న దగ్గర మొదలుపెట్టి, దాని పుట్టింటివాళ్ళ ముక్కుల దాకా వెళ్ళింది. గల్లీ అంతా పోగయ్యాక, "ఈ ఇంట్ల నేనుండ, బీడీల కట్ట మీద ఒట్టు!" అని పరుపు చుట్ట నెత్తిన పెట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. కోడలికి అది నాటకమని ముందు చెప్పలేదు. తర్వాతా చెప్పలేదు. ఆ కోడలు మొన్న పాడె దగ్గర కూడా, "మా ముక్కులను ఏమన్నదో ఇంక యాదికున్నది నాకు" అంటూనే ఏడ్చింది.

సోమవారం సిటీ బస్సు ఎక్కాం, ఆయన, నేను, అత్త. కండక్టర్ ఎక్కడికన్నాడు. ఆయన ముఖం పాలిపోయింది. అత్త బస్సంతటికీ వినపడేలా, "పెద్ద దవాఖాన. నాకు దిమాగ్ ఖరాబయింది, ఈళ్లు తోలుకపోతున్నరు" అంది. కండక్టర్ మాకు సీటు ఖాళీ చేయించాడు. ముగ్గురం దర్జాగా కూర్చుని వెళ్ళాం.

దవాఖానలో పొడుగు వరస. మా వంతు రాగానే ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. అత్త ఆయన్ని తోసుకుని లోపలికి పోయి డాక్టరమ్మ ఎదుట కూర్చుని, "ఆధీ మలా బఘా" అంది, ముందు నన్ను చూడు అని. డాక్టరమ్మ మరాఠీ మనిషి, చిన్న వయసు. "కాయ్ హోతయ్ ఆజీ?" అంది, ఏమవుతోంది అవ్వా అని.

"నోరు ఆగుత లేదు. దానికి గోలీ ఉన్నదా?"

డాక్టరమ్మ నవ్వి, లేదంది.

"చూసినవా అల్లుడా? నా బీమారికి మందు లేదంట. నీదానికి ఉన్నదంట. నా కన్న నువ్వే నయం. రా, కూసో."

ఆయన వచ్చి కూర్చున్నాడు. డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది. మధ్యలో, తొందర లేకుండా, సూటిగా, అత్త అడిగిన మాటే మరాఠీలో అడిగింది. చచ్చిపోవాలనిపిస్తుందా అని. అత్త నా డొక్కలో మోచేత్తో పొడిచి, "చూడే, నేనడిగిందే అడుగుతుంది. గీ ఒక్క మాటకు ఎన్నేండ్లు సదివిందో పాపం" అని గుసగుసలాడింది. ఆమె గుసగుస అంటే నడవా చివరి దాకా వినపడుతుంది. డాక్టరమ్మ పెన్ను కాసేపు కాగితం మీద కదల్లేదు.

ఇది జబ్బే, నయమవుతుంది అని చెప్పింది ఆవిడ. గోలీలు పనిచేయడం మొదలవడానికి మూడు వారాలు పడుతుంది, అప్పటిదాకా ఒంటరిగా వదలొద్దు, గోలీలు ఇంటామె చేతిలోనే ఉండాలి, వారం వారం రావాలి, మధ్యలో కష్టంగా ఉంటే ఆ రోజే రావాలి అంది. అత్తకు నచ్చలేదు. "మూడు వారాలా? సాంచా ఖరాబయితే మిస్త్రీ మూడు గంటల్ల నడిపిస్తడు!" అంది.

"ఆజీ, హా మాణూస్ ఆహే," అంది డాక్టరమ్మ. ఈయన మనిషి కదా అని.

అత్త గోలీల చీటీ అందుకుని నా కొంగుకు ముడేసింది.

ఆ మూడు వారాలూ మా ఇల్లు ఇల్లులా లేదు. అత్త మా ఊరగాయ జాడీ ఖాళీ చేసింది. అష్టాచెమ్మా ఆడుతూ గవ్వలు దొంగిలించింది. ఊరికే కూర్చుంటే ఆలోచనలు వస్తాయని మా ఆయన చేత బీడీలు చుట్టించింది. సన్నటి నూలు పోగును చీకట్లో కూడా అతకగల చేతులు, బీడీ దగ్గర మాత్రం ముద్దముద్ద చేశాయి. వాటిని తీసుకుపోతే చెకర్ మొత్తం పక్కన పారేసి, "ఎవరు చుట్టిన్రు ఇవి?" అన్నాడట. "మా ఇంట్ల ఒక కోతి ఉన్నది" అందట అత్త. వచ్చి ఆయనకే చెప్పింది. ఆయనకు చిర్రెత్తుకొచ్చింది.

అందరం ఇలా నవ్వుతూ గడిపామనుకోకండి. కొన్ని పూటలు ఆయన ముద్ద మింగేవాడు కాదు. ఒక మధ్యాహ్నం, "అత్తా, మళ్ల గట్లనే ఉన్నది" అన్నాడు. ఆమె చాట పక్కన పెట్టి, ఆయన పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ రోజే తన సంగతి చెప్పింది. నేను పొయ్యి దగ్గర ఉండి విన్నాను.

"నా మొగుడు సుత గిట్లనే పోయిండు. నాకు అనుమానం ఉండె. అడుగుదామనుకున్న. అడిగితే గుర్తుజేసినట్టయితదేమోనని నోరు మూసుకున్న. నేను గంత మంచిదాన్నుంటి గప్పుడు. మాట పెగలని కోడల్ని. అటెంక తెరిచిన నోరు, మళ్ల మూయలే."

"నువ్వడిగితే చెప్పేటోడేమో," అన్నాడు మా ఆయన.

"ఏమో. చెప్పకపోవచ్చు సుత. గది నాకు ఇప్పటికి తెల్వది అల్లుడా. తెల్వకుంటనే చస్త." అని, మోకాళ్ళు పట్టుకుని లేస్తూ, "పా, దవాఖానకు పోదాం, ఇయ్యాలనే" అంది. వెళ్ళారు.

నాలుగో వారంలో ఒకరోజు పప్పు నోట్లో పెట్టుకుని, కంచం దూరంగా తోసి, "ఇది పప్పా, సముద్రమా? ఉప్పు నీ బాబు సొమ్మా?" అని అరిచాడు. నేను వంటింట్లో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అత్త బయట నుంచి, "నిజమే, ఉప్పు మస్తు ఎక్కువుంది" అంది. ఆ సాయంత్రమే పరుపు చుట్ట నెత్తిన పెట్టుకుని కోడలి దగ్గరికి వెళ్ళిపోయింది.

అంతటితో అయిపోలేదు. కొద్ది నెలలకు బాగున్నాను కదా అని ఆయనే గోలీలు మానేశాడు, మళ్ళీ పడిపోయాడు, అత్త ఆయన్ని తిట్టిన తిట్లకు కుంఠా నాకా కుక్కలు కూడా తోకలు ముడిచాయి. మళ్ళీ డాక్టరమ్మ, మళ్ళీ వారం వారం బస్సు. చేమగ్గం మీదికి తిరిగి వెళ్ళలేదు, టవళ్ళు నేసే సాంచా మీద పనికి కుదిరాడు. ఏడాది గడిచింది, రెండేళ్ళు గడిచాయి. నేను భయపడటం మరిచిపోవడం మొదలుపెట్టాను.

అప్పుడు ఒక పొద్దున నేను రొట్టెలు కాలుస్తున్నాను. ఆయన వచ్చి పొయ్యి పక్కన కూర్చున్నాడు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని ఉన్నాడు.

"ఏమే," అన్నాడు. "లోపల మంచిగ లేదు. మళ్ల షురూ అయింది."

అత్త ఇల్లు నాలుగు గడపల అవతల. పిలుద్దామని లేవబోయాను. ఆయన కదల్లేదు. అత్తకు చెప్పాలనుకుంటే ఆ నాలుగు గడపలూ ఆయనే నడిచేవాడు కదా. నాకు చెబుతున్నాడు. మళ్ళీ కూర్చుని అడిగాను. ఎప్పుడూ నా నోట రాని మాట.

"చావాల్ననిపిస్తుందా?"

"ఇంక అంత దూరం పోలే," అన్నాడు. "పోకముందే చెప్తున్న. దవాఖానకు పోదాం పా."

పెనం మీద రొట్టె అలాగే వదిలేసి చెప్పులేసుకున్నాను. ఇద్దరమే వెళ్ళాం. డాక్టరమ్మ మందు మార్చి ఇచ్చింది. తొందరగా వచ్చారు, మంచి పని చేశారంది. తిరిగి వచ్చేసరికి అత్త మా వాకిట్లో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. రొట్టె మాడిన వాసనకు వచ్చిందట.

"యాడికి పోయిన్రు?"

చెప్పాం.

"నన్ను ఇడిసిపెట్టా?" అంది. గొంతు గల్లీ చివరిదాకా వెళ్ళింది. "మూడు వారాలు నీ గోడకు నడుమానించి కూసుంటి. బస్సుల పిచ్చిదాన్నైతి. ఇయ్యాల నేను పరాయిదాన్నా? ముందుగాల ఎవరికి చెప్పినవ్ అల్లుడా?"

"దీనికి," అని నన్ను చూపించాడు.

"ఇదేమన్నది?"

"అడిగింది."

"ఏమని?"

"నువ్వడిగేదే."

అత్త నన్ను కిందా మీదా చూసింది. ఇంకా తిట్టడానికి నోరు తెరిచింది. తిట్టు రాలేదు. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, అటు తిరిగి, గట్టిగా ముక్కు చీదింది. "గా రొట్టె మాడిపోయింది, కుక్కకెయ్యి" అని చెప్పి వెళ్ళిపోయింది. చాయ్ కూడా అడగలేదు.

ఇదిగో, వినపడుతోందా? వాకిట్లో నుంచి ఆ గొంతు మా ఇంటాయనదే. ముచ్చట్లు చాలించి అన్నం పెట్టమని అరుస్తున్నాడు. ఇంకొంచెం అరవనివ్వండి, నాకు వినాలని ఉంటుంది. మీరు కూడా లేవండి, పొద్దు పోయింది. మీ ఇళ్ళలో అన్నం వేళకు ఎవరి పీట మీద వాళ్ళు ఉందురు గాక. ఎవరైనా కంచం ముందు మౌనంగా కూర్చుంటే పక్కనున్నవాళ్ళకు అడిగే ధైర్యం కలుగు గాక. అడిగినవాళ్ళకు జవాబు దొరుకు గాక. మీ ఇల్లు చల్లగా, గోలగోలగా ఉండు గాక.